అక్క నాతో మాట్లాడని నాలుగేళ్లు

మా అక్కకు కుదరబోయిన పెళ్లి నా వల్ల చెడిపోయింది. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు, అక్కకు ఇరవై రెండు. నేను అబద్ధం చెప్పి చెడగొట్టలేదు, నిజం చెప్పి చెడగొట్టాను. అందుకేనేమో, నా తప్పేమిటో నాకు అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. ఆగిరిపల్లిలో బస్సు దిగి మట్టిరోడ్డున గంటసేపు నడిస్తే మా ఊరు. నాన్న అక్కడి మిషన్ బడిలో మాస్టారు. మా సంఘానికి పెద్ద కూడా ఆయనే. పాస్టరుగారు నూజివీడు నుంచి నెలకు రెండు ఆదివారాలే రాగలిగేవారు. మిగిలిన ఆదివారాలు వాక్యం చదివి, నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేయించే పని నాన్నది. బడిలోనూ గుడిలోనూ ఆయన మాటకు ఎదురుండేది కాదు. ఊళ్లో ఎవరింట్లో అన్నదమ్ములు గొడవపడినా నాన్నకు కబురు వచ్చేది. ఆయన వెళ్లి ఇద్దరినీ ఒకే మంచం మీద కూర్చోబెట్టి, చేతులు కలిపించి వచ్చేవారు.

అక్కకు పదకొండో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. ఒకరోజు పెరట్లో అంట్లు తోముతూ పక్కకు ఒరిగిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోట్లోంచి నురగ వచ్చింది. బెజవాడలో డాక్టరుగారికి చూపిస్తే భయపడాల్సిందేమీ లేదని, రోజుకొక మాత్ర మానకుండా వేసుకోమని చెప్పారు. మాత్రలు పనిచేశాయి. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో తప్ప వచ్చేవి కావు. కానీ ఆ సంగతి ఇంట్లోంచి బయటికి పోకూడదని నాన్న ఆ రోజే చెప్పేశారు. మాత్రలు తెచ్చుకోవడానికి కూడా తెలిసినవాళ్లున్న నూజివీడు వెళ్లేవారు కాదు, బెజవాడ వెళ్లేవారు.

ఏడేళ్ల వయసు నుంచీ నేను అక్కకు తోడు. నూతికి, గుడికి, తోటలో పుల్లలకి, ఎక్కడికి వెళ్లినా పక్కన నేను ఉండాలి. ఎప్పుడైనా వస్తే నలుగురి కంటా పడకుండా పక్కకు తీసుకుపోవాలి. ఒకసారి ఈస్టరు ఆరాధన మధ్యలో అక్క చూపు ఒకచోటే నిలిచిపోవడం గమనించి, చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయి, గుడి వెనక కంచె పక్కన పడుకోబెట్టాను. ఎవరికీ తెలియలేదు. ఇంటికొచ్చాక నాన్న నా తల నిమిరి, "మంచి పని చేశావమ్మా" అన్నారు. అక్క ఆ రోజు అన్నం తినలేదు. మోచేతుల నిండా ముళ్లు గీరుకున్న గీతలు.

నేను ఇంటర్ నూజివీడులో బస్సు మీద వెళ్లి చదువుకున్నాను. అది అయ్యాక టీచర్ ట్రైనింగ్‌కు దరఖాస్తు పెట్టాను. బెజవాడలో సీటు, హాస్టలు. వస్తుందని నాకే నమ్మకం లేదు. మే నెలలో ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ కవరు ఇచ్చాడు. ఇంట్లో ఎవరూ లేరు. సీటు వచ్చింది. సాయంత్రం అందరికీ చెబుదామని కవరు పెట్టెలో బట్టల కింద దాచుకున్నాను.

ఆ సాయంత్రమే నాన్న అక్క సంబంధం గురించి చెప్పారు. ఉంగుటూరు వైపు కుటుంబం. అబ్బాయి సొసైటీలో గుమాస్తా. నెమ్మదస్తుడు, సంఘంలో మంచి పేరుంది. వచ్చే శనివారం అమ్మాయిని చూసుకోవడానికి వస్తున్నారు. అక్క వంటింట్లో ఉండగా నాన్న నన్ను వరండాలోకి పిలిచారు.

"పెళ్లయ్యాక ఒక ఆరునెలలు నువ్వు అక్క దగ్గర ఉండాలమ్మా. కొత్త ఇల్లు కదా, తోడుగా పంపామంటాం. మాత్ర రోజూ నువ్వే గుర్తుచేసి వేయించాలి. ఎవరూ చూడకూడదు. ఒక బిడ్డ కడుపున పడితే తరవాత తెలిసినా వాళ్లేమీ అనరు."

నేను కవరు సంగతి చెప్పలేదు. సరేనన్నాను. లోపల మాత్రం, ఇంకో ఇంట్లో ఇంకో కంచె పక్కన అక్కను ఎలా దాచాలా అని ఆలోచిస్తూ కూర్చున్న నన్ను నేనే చూసుకున్నట్టనిపించింది. కోపం వచ్చింది. ఆ కోపం నాన్న మీద రావాల్సింది. అక్క మీద వచ్చింది.

శనివారం అబ్బాయి, వాళ్ల అమ్మ, మేనమామ వచ్చారు. అప్పుడు బంగినపల్లి కోతలు జరుగుతున్నాయి. భోజనాలకు ఇంకా టైముంది. అబ్బాయి వాళ్లమ్మ తోట చూస్తానంటే నాన్న నన్ను తోడిచ్చి పంపారు. ఆవిడ బక్కపల్చని మనిషి, అమ్మ కంటే పెద్దది. కూలివాళ్లు గెడలకు కట్టిన చిక్కాలతో కాయలు దింపుతుంటే కాసేపు నిలబడి చూసింది. ఒక కాయ చేతికిస్తే వాసన చూసి కొంగులో పెట్టుకుంది. తిరిగి వస్తూ, మాటల్లో మాటగా అడిగింది.

"మీ అక్క మరీ సన్నగా ఉందమ్మా. ఆరోగ్యం అదీ బాగానే ఉంటుందా?"

ఎవరైనా అడిగే మాటే. "బాగానే ఉంటుందండి" అంటే అయిపోయేది. నేను అలా అనలేదు.

"ఫిట్స్ వస్తాయండి. చిన్నప్పటి నుంచీ. మాత్రలు వేసుకుంటుంది. మీకు చెప్పొద్దన్నారు."

ఆవిడ నడక ఆపింది. నా ముఖంలోకి చూసింది. "నువ్వు చెప్పావని ఎవరికీ చెప్పనులేమ్మా" అని మళ్లీ నడిచింది. ఇంటికి వచ్చాక అందరితో కలిసి భోంచేసింది. అక్క వడ్డిస్తుంటే, "పప్పు బాగుందమ్మా" అంది. వెళ్లేటప్పుడు అక్క చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కాసేపు వదల్లేదు. అదంతా చూసి అమ్మ సంబంధం ఖాయమనే అనుకుంది.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది. రాసింది ఆవిడ కాదు, మేనమామ. నాన్న మమ్మల్నందరినీ వరండాలోకి పిలిచి, కళ్లజోడు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. క్షేమసమాచారాలు, మర్యాదలు అయ్యాయి. తరవాతి వాక్యం, దాచిపెట్టిన విషయాన్ని మీ చిన్నమ్మాయి మాతో ఉన్నదున్నట్టు చెప్పి మేలు చేసిందని, ఆ అమ్మాయికి మా దీవెనలని. ఆ వాక్యం మొత్తం చదివేశాకగానీ తాను ఏం చదివారో నాన్నకు అర్థం కాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నా వైపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లోపలికి వెళ్లిపోయింది.

పది రోజుల తరవాత నేను సీటు వచ్చిన కాగితం తీసి నాన్నకు ఇచ్చాను. ఆయన సంతకం పెట్టి ఇచ్చారు, అంతే. జూన్‌లో బెజవాడ వెళ్లిపోయాను.

అక్క నాతో మాట్లాడటం మానేసింది. సెలవులకు ఇంటికి వస్తే కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది. నా బట్టలు కూడా ఉతికి ఆరేసేది. కానీ మాట మాత్రం ఉండేది కాదు. ఏదైనా అవసరమైతే నేను ఎదురుగా ఉండగానే, "అమ్మా, దానికి పెరుగు కావాలేమో అడుగు" అనేది. అమ్మ నా వైపు తిరిగి, "పెరుగు కావాలా?" అని అడిగేది. మొదట్లో నవ్వొచ్చేది. తరవాత ఆ నవ్వూ పోయింది.

సాయంత్రం కుటుంబ ప్రార్థన మాత్రం తప్పేది కాదు. చాప మీద నలుగురం కూర్చునేవాళ్లం. చివర్లో అందరం కలిసి పరలోక ప్రార్థన చెప్పేవాళ్లం. మేము ఇతరులను క్షమించినట్టు మమ్మల్ని క్షమించమని అడిగే మాట దగ్గరికి వచ్చేసరికి అక్క గొంతు ఆగిపోయేది. ఆ ఒక్క మాట అయ్యాక మళ్లీ అందుకునేది. మొదటిసారి పొరపాటనుకున్నాను. ప్రతిసారీ అంతే. నాన్నకూ తెలుసు, అమ్మకూ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. లేని మాట దేవుడి ముందు ఉన్నట్టు చెప్పడం అక్కకు చేతకాలేదు. ఊళ్లో వాళ్లందరి చేతులూ కలిపిన నాన్న మా ఇద్దరినీ ఒక మంచం మీద కూర్చోబెట్టలేకపోయారు. ఎందుకంటే కూర్చోబెడితే ముందు ఆయనే మాట్లాడాల్సి వచ్చేది.

రెండో ఏడాది చివర నేను ట్రైనింగ్ ముగించి ఉద్యోగంలో చేరాను. ఆదివారాలకు ఇంటికి వచ్చేదాన్ని. ఈలోగా అక్క విషయం ఊరందరికీ తెలిసిపోయింది. సంబంధాలు రావడం ఆగిపోయింది. కానీ ఇంకొకటి కూడా జరిగింది. ఇక దాచడానికేమీ లేదు కాబట్టి అక్కకు తోడు అవసరం లేకుండా పోయింది. ఒక్కతే గుడికి వెళ్లేది. సీజన్లో కాయల షెడ్డుకు పనికి వెళ్తానంటే అమ్మ వద్దంది, అయినా వెళ్లింది. మిగతా ఆడవాళ్లతో కూర్చుని కాయలు ఏరి, సొన తుడిచి, వరిగడ్డి వేసి పెట్టెల్లో పేర్చేది.

నాలుగో వేసవిలో ఒకరోజు అక్కకు షెడ్డులోనే ఫిట్స్ వచ్చాయి. ఎవరో పరుగెత్తుకొచ్చి చెబితే అమ్మ, నాన్న, సెలవుల్లో ఇంట్లో ఉన్న నేను ముగ్గురం వెళ్లాం. వెళ్లేసరికి అంతా అయిపోయింది. అక్క గోనెపట్టా మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. తల కింద ఎవరిదో చీర మడత. ఆడవాళ్లు మళ్లీ పనిలో పడ్డారు. వాళ్లలో పెద్దావిడ ఒకామె నాన్నను చూసి లేచి నిలబడింది.

"కంగారేం లేదండీ మాస్టారూ. తాళాలు చేతిలో పెట్టమని ఒకళ్లంటే నేనే వద్దన్నాను. పక్కకి తిప్పి వదిలేశాం. అదే తగ్గిపోయింది. మా ఆడపడుచుకీ ఉందిలెండి. లేచాక కాసిని మజ్జిగ ఇస్తే సరిపోద్ది."

 నాన్న గడ్డి మీద, అక్క పక్కన కూర్చున్నారు. తెల్ల పంచెకు సొన మరకలయ్యాయి. అక్క కళ్లు తెరిచి, "బడి లేదా నాన్నా?" అంది. వేసవి సెలవులన్న సంగతి ఇంకా గుర్తు రాలేదు. "లేదమ్మా" అన్నారు నాన్న. పదిహేనేళ్ల పాటు మేము దేన్ని చూసి భయపడ్డామో అది పది నిమిషాల్లో, పదిమంది ఆడవాళ్ల మధ్య, అలా జరిగిపోయింది.

ఆ సాయంత్రం ప్రార్థనకు కూర్చున్నాం. నాన్న వాక్యం తెరవలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"ఇవాళ నేను ప్రార్థన చేయించలేను" అన్నారు. తరవాత అక్క వైపు తిరిగారు. "అమ్మా, నేను నీకు క్షమాపణ చెప్పుకోవాలి. నీ జబ్బు నీకోసం దాచాననుకున్నాను. కాదు. నా పరువు కోసం దాచాను. మాస్టారి కూతురికి ఇలా ఉందని అనుకుంటారేమోనని. నీకు జబ్బు ఒక్కటే ఉంది. సిగ్గు నేను తెచ్చిపెట్టాను. ఆ అబద్ధం మోయమని నీ చెల్లెలికి కూడా ఇచ్చాను."

మా ఊళ్లో ఏ తండ్రీ కూతురితో అలా మాట్లాడగా నేను వినలేదు. అక్క తల వంచుకుంది.

"నేనెప్పుడూ మిమ్మల్ని తప్పు పట్టలేదు నాన్నా" అంది.

"పట్టు. తప్పు లేదంటే క్షమించడానికి ఏముంటుంది? తప్పని చెప్పి, అప్పుడు క్షమించమ్మా."

 అక్క తలెత్తకుండానే, "తప్పే నాన్నా. ఈస్టరు రోజున ముళ్లలో పడుకోబెట్టినప్పుడు, నేను చచ్చిపోయినా ఎవరికీ చెప్పరేమో అనుకున్నాను" అంది. నాన్న ఏడ్చారు. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. క్షమించానని నోటితో అనలేదు. ఆ చెయ్యి వదలకుండా కూర్చుంది.

నిజం చెప్పాలంటే నాకు ఆ సాయంత్రం తేలికగా అనిపించింది. గెలిచినట్టనిపించింది. తప్పు నాన్నదని ఆయనే ఒప్పుకున్నారు. నేను నిజం చెప్పినదాన్ని. ఇక అక్క నాతో మాట్లాడకుండా ఉండటానికి కారణమేముంది?

మర్నాడు పొద్దున అక్క పెరట్లో ఆవకాయకు కాయలు తుడుస్తోంది. వెళ్లి ఎదురుగా కూర్చుని ఒక గుడ్డ అందుకున్నాను. "అక్కా, నేను చెప్పింది నిజమే కదా. అయినా నువ్వు బాధపడ్డావు. బాధపెట్టి ఉంటే క్షమించు" అన్నాను.

అక్క కాయ తుడవడం ఆపలేదు. నాలుగేళ్ల తరవాత నాతో అన్న మొదటి మాట ఇది: "అది క్షమాపణ కాదే."

నేను ఒక కాయ తీసుకుని తుడవసాగాను.

"ఎందుకు చెప్పావో అది చెప్పు" అంది.

"నాన్న దాచమన్నారు, అది తప్పు కదా అని..."

"కవరు మీద ముద్ర నేను చూశాను. వాళ్లు రాకముందే వచ్చింది సీటు. ఇరవై రోజులు పెట్టెలో దాచావు."

అప్పుడు చెప్పాను. ఆరునెలలు నేను అక్కడ ఉండాలని నాన్న అన్న సంగతి, సీటు పోతుందన్న భయం, చిన్నప్పటి నుంచీ తన వెంట తిరిగి తిరిగి విసిగిపోయానన్న కోపం, తోటలో ఆవిడ అడిగినప్పుడు ఒక్క క్షణం లోపల కలిగిన సంతోషం, అన్నీ చెప్పాను. ఆ సంతోషం గురించి చెప్పడం అన్నిటికంటే కష్టమయింది. ఇక "అయినా" అనే మాట నా దగ్గర మిగల్లేదు.

అక్క గుడ్డ పక్కన పెట్టింది.

"ఆ రోజు భోజనాలయ్యాక ఆవిడతో నేనే చెబుదామనుకున్నానే. నాన్నకు తెలియకుండా. రెండు రోజుల నుంచీ ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కున్నాను. పప్పు వడ్డిస్తుంటే ఆవిడ నా వైపు చూసిన చూపులోనే ఎవరో చెప్పేశారని అర్థమైంది. కాదంటే కాదనేది, ఔనంటే ఔననేది. కానీ నా నోటితో విని అనేది. నువ్వు నాకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది."

నేను చేసిన తప్పు అప్పుడు కనిపించింది. నేను తీసుకున్నది ఆ సంబంధాన్ని కాదు. అక్క తన గురించి తాను చెప్పుకునే మాటను తీసుకున్నాను. నాన్న పదకొండేళ్లు ఆ మాట ఆమెను చెప్పనివ్వలేదు, నేను ఆమె కంటే ముందు చెప్పేశాను. ఇద్దరం చేసింది ఒకటే.

"తప్పు చేశానక్కా" అన్నాను. ఈసారి వేరే మాటలేవీ కలపలేదు.

అక్క మళ్లీ గుడ్డ అందుకుని అంది: "నేనూ చెప్పాలి. మొదటి ఏడాది నిజంగానే నోరు రాలేదు. తరవాత వచ్చేది. నువ్వు సెలవులకి వచ్చి నా ముఖంలోకి చూస్తూ తిరుగుతుంటే నాకు బాగుండేది. మాట్లాడకపోవడంలో సుఖం మరిగాను. అది నువ్వు చేసినదానికంటే చిన్నదేం కాదు. నువ్వూ నన్ను క్షమించాలి."

"క్షమించాను."

"నేను ఇవాళే అంతా పోయిందని అనను. మొదలుపెడతాను" అంది. తుడిచిన కాయల బుట్ట నా వైపు తోసి, "తొడిమలు సరిగ్గా తియ్యి, ఊరగాయ పాడవుద్ది" అంది.

ఆ తరవాత అంతా ఒక్కసారిగా బాగుపడలేదు. కొన్నిసార్లు మాటల మధ్యలో అక్క ముఖం మూసుకుపోయేది. నేను ఊరుకునేదాన్ని. ఒకసారి నేను ఏదో సలహా చెప్పబోతే, "నా సంగతి నేను చెప్పుకుంటాలే" అని గట్టిగానే అంది. ప్రార్థనలో ఆగిపోయే ఆ మాట కూడా ఏ రోజున తిరిగి వచ్చిందో నాకు తెలియదు. ఒక సాయంత్రం గమనించేసరికి నాలుగు గొంతులూ ఉన్నాయి. అప్పటికి ఎన్ని రోజులైందో అడగలేదు. క్షమాపణ గురించి గుడిలో ఎన్నోసార్లు విన్నాను. అది ఇచ్చేవాళ్లకు ఎంత పనో మా ఇంట్లోనే చూశాను. ఇవ్వాలని నిర్ణయించుకున్నాక కూడా ప్రతి వారం మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. దేవుడు మనల్ని ఓపిగ్గా భరిస్తాడంటే ఏమిటో నాకు అక్కను చూశాకే కొంచెం తెలిసింది.

మరుసటి ఏడాది నుంచి మళ్లీ సంబంధాలు చూశాం. ఈసారి అక్క ఒక్కటే షరతు పెట్టింది. తన సంగతి తానే చెబుతుంది, మేమెవరం నోరు విప్పకూడదు. మొదట వచ్చినవాళ్లు విని కాఫీ కూడా పూర్తిగా తాగకుండా వెళ్లారు. రెండోవాళ్లు ఆలోచించుకుని చెబుతామన్నారు, చెప్పలేదు. ఆ రెండుసార్లూ నాన్న వరండాలో నిలబడి వాళ్లను మర్యాదగా సాగనంపారు. లోపలికి వచ్చి తల దించుకోలేదు. మూడోసారి రెడ్డిగూడెం నుంచి ఒకాయన వాళ్ల అన్నావదినలతో వచ్చాడు. సైకిళ్లు బాగుచేసే షాపుంది. అక్క చెప్పిందంతా విని, "వచ్చినప్పుడు మేమేం చెయ్యాలండి?" అని అడిగాడు. "పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఊరికే దగ్గర కూర్చుంటే చాలండి" అంది అక్క. అతను సరేనని తలూపి, మంచినీళ్లు అడిగాడు.

పెళ్లి మా గుడిలోనే జరిగింది. పాస్టరుగారి బస్సు ఆలస్యమై పదింటికి అనుకున్నది పన్నెండయింది. భోజనాలు తోటలో పెట్టాం. సాయంత్రం పెళ్లివారిని ఆగిరిపల్లి దాకా వెళ్లి బస్సెక్కించి, అమ్మ, నాన్న, నేను మట్టిరోడ్డున నడిచి వస్తున్నాం. కొత్త చెప్పులు కరుస్తున్నాయని నాన్న వాటిని చేతిలో పట్టుకున్నారు. ఊళ్లో అందరికీ మాస్టారైన మనిషి అలా ఉత్తకాళ్లతో దుమ్ములో నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్లు ఆగి, "ఏంటండీ మాస్టారూ?" అని అడిగారు. "చెప్పులు కరిచాయండీ" అన్నారు నాన్న. అమ్మ ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది.